సెలవుకు వచ్చినవారి సుఖం, ఊళ్లో ఉన్నవారి పని

డిసెంబరు సగం దాటేసరికి హనుమకొండ వీధుల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. తెలుగు అర్థమైనా జవాబు మాత్రం ఇంగ్లిషులో చెప్పే పిల్లలు, నీళ్ల సీసా చేత పట్టుకుని వాళ్ల వెంటే నడిచే తల్లులు, అరుగు మీది పెద్దాయనను ‘గుర్తుపట్టారా బాబాయ్’ అని పలకరించే నడివయసు కొడుకులు. సంక్రాంతి దాకా ఉండేవారు తక్కువ. అమెరికాలో బడులు జనవరి మొదట్లోనే తెరుస్తారు కనుక చాలా ఇళ్లలో సకినాలు పండుగకు ముందే, డిసెంబరులోనే చుట్టేస్తున్నారు. పండుగ తేదీని పంచాంగం నిర్ణయిస్తుంది, పిండివంటల తేదీని విమానం టికెట్టు నిర్ణయిస్తుంది.

వచ్చినవారందరూ ఒకే మాట అంటారు: ‘ఇక్కడి సుఖం ఇంకెక్కడా లేదు.’ ఏమిటా సుఖం అని అడిగితే జాబితా సిద్ధంగా ఉంటుంది. అమ్మ చేతి వంట, సర్వపిండి, పచ్చిపులుసు, చింతచిగురు వేసి వండిన మాంసం, రామప్ప, మేడారం. ఈ జాబితా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సకినాలు, గరిజెలు, కారప్పొడులు ఇప్పుడు వరంగల్, కరీంనగర్ దుకాణాల నుంచి కొరియర్‌లో డల్లాస్‌కూ న్యూజెర్సీకీ వెళుతున్నాయి. తిండి కోసమే అయితే ఇంత ఖర్చు పెట్టుకుని, నిద్ర చెడగొట్టుకుని రానక్కర్లేదు. కొరియర్‌లో వెళ్లనిది వేరే ఉంది.

ముందుగా చెప్పకుండా ఒకరింటికి వెళ్లగలగడం అందులో మొదటిది. పని లేకపోయినా వెళ్లడం, వెళ్లాక ఎంతసేపు కూర్చుంటామో తెలియకపోవడం, లేవబోతుంటే ‘తిని పోవచ్చు కదా’ అనిపించుకోవడం. బస్టాండులో పక్కన కూర్చున్న మనిషి ‘మీది ఏ ఊరు’ అని మొదలుపెట్టి మూడో ప్రశ్నకల్లా మన మేనమామను పట్టుకుంటాడు. ఈ ఆరా ఇరవై ఏళ్ల వయసులో ఉక్కపోతగా ఉంటుంది. నలభై దాటాక, పైగా పక్కింటి వాళ్ల పేరు కూడా తెలియని వీధిలో పదేళ్లు ఉన్నాక, అదే ఆరా హాయిగా ఉంటుంది. అయితే ఆ హాయిలో ఒక మినహాయింపు ఉంది. పెళ్లి కాని ఆడపిల్లనో, ఉద్యోగం రాని కుర్రాడినో, ఫలానా వాడలో పుట్టినవాడినో అడిగేటప్పుడు ఆ మూడు ప్రశ్నలు అంత ముద్దుగా ఉండవు. మూడో ప్రశ్న మేనమామ కోసం కాదు, కులం కోసం అయిన సందర్భాలు మనకు తెలియనివి కావు.

రెండోది పనులు ఇట్టే జరిగిపోవడం. విదేశాల నుంచి వచ్చినవారు దీన్ని చెప్పేటప్పుడు కళ్లు మెరుస్తాయి. కుక్కర్ రబ్బరు మార్చేవాడు, మిక్సీ జారు బ్లేడుకు పదును పెట్టేవాడు, తెగిన చెప్పును మనం నిలబడి ఉండగానే కుట్టి ఇచ్చేవాడు, చక్రం ఊడిన సూట్‌కేసుకు కొత్త చక్రం వేసే బ్యాగుల దుకాణం, మందుల షాపులో స్ట్రిప్పు నుంచి నాలుగు గోళీలు కత్తిరించి ఇచ్చే కుర్రాడు. హనుమకొండ చౌరస్తా చుట్టూ అరగంట తిరిగితే ఇవన్నీ అయిపోతాయి. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర గొడవ కూడా తగ్గింది. పది రూపాయల చాయ్‌కి ఫోను చూపిస్తే చాలు.

అమెరికాలో ఆ మిక్సీని బాగుచేయించరు, పారేస్తారు. అక్కడ మనిషి గంట ఖరీదు మిక్సీ ఖరీదుతో పోటీ పడుతుంది. ఇక్కడ మనిషి గంట చవక. ఎండలో పట్టా కప్పుకుని కూర్చున్న ఆ మనిషి రోజంతా ఎన్ని కుక్కర్లు బాగుచేస్తే ఇల్లు గడుస్తుందో ఎవరూ లెక్క వేయరు. వస్తువును పారేయకుండా బాగుచేసుకోవడం మంచి అలవాటే, కాదనను. కానీ దీన్ని మన సంస్కృతి అని మురిసిపోయే ముందు ఇది మన కూలి రేటు అని కూడా ఒప్పుకోవాలి. ఆ రేటుతో ఇల్లు గడవకే ఉత్తర తెలంగాణలో మరో రకం ప్రయాణం మొదలైంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ పల్లెల్లో తిరిగి రావడమంటే డిసెంబరు సెలవులు కావు. రెండేళ్ల ఒప్పందం అయ్యాక కంపెనీ ఇచ్చే చుట్టీ. దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్‌ల నుంచి వచ్చేవారి సుఖాల జాబితా అమెరికా నుంచి వచ్చేవారి జాబితాతో కలవదు. మధ్యాహ్నం పడుకోవడం అందులో పైన ఉంటుంది. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. నీడ కోసం ప్రభుత్వ ఉత్తర్వు కావాల్సి వచ్చిన చోటి నుంచి వచ్చిన మనిషికి వేపచెట్టు కింద మంచం ఎంత పెద్ద విషయమో మనం ఊహించుకోవాల్సిందే. ఇతరులతో పంచుకోని గది. క్యాంపు మెస్సులో కాకుండా తన ఇంట్లో, తనకు ఆకలైనప్పుడు తినడం. మద్యం నిషేధం ఉన్న సౌదీ, కువైట్‌ల నుంచి వచ్చినవారికి పొద్దున్నే తాటివనంలో తాటాకు రేక పట్టి తాగే కల్లు. తన పాస్‌పోర్టు తన బీరువాలో ఉండటం.

చివరిది చిన్న విషయంగా కనిపించవచ్చు. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని ఆ దేశాల చట్టాలే చెబుతున్నా ఆ ఆనవాయితీ పూర్తిగా పోలేదు. సౌదీలో 2021 మార్చి సంస్కరణల తర్వాత చాలామంది కార్మికులు యజమాని అనుమతి లేకుండానే దేశం దాటగలుగుతున్నారు. కానీ ఇళ్లలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపర్లు, తోటమాలులు ఆ సంస్కరణల పరిధిలోకి రాలేదు. తెలంగాణ నుంచి వెళ్లినవారిలో ఈ పనులు చేసేవారు తక్కువేమీ కాదు. బయటికి వెళ్లాలనుకున్నప్పుడు వెళ్లడం, రావాలనుకున్నప్పుడు రావడం ఊళ్లో ఉన్న మనకు సుఖంగా తోచదు, అదొక సంగతేనా అనుకుంటాం.

ఆ సుఖానికి గడువు ఉంటుంది. మొదటి వారం దావత్‌లు, అత్తరు సీసాలు, చుట్టాలందరికీ దుప్పట్లు. మూడో వారానికి అప్పు ఇచ్చిన వ్యక్తి గడపలో నిలబడతాడు. గుర్తింపు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదని నిబంధన. ఊళ్లలో ఏజెంట్లకు ఇచ్చిన మొత్తాలు అడిగితే ఆ నిబంధన గురించి విన్నవారే తక్కువని అర్థమవుతుంది. చుట్టీ ముగిసి మళ్లీ శంషాబాద్ బాట పట్టేవాడికి ఊరి మీద ప్రేమ తక్కువై కాదు.

ప్రభుత్వాలు ఈ సంగతిని ఒక వైపు నుంచే చూశాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చింది. ఎన్నో ఏళ్ల డిమాండు అది, మంచిదే. బతికి తిరిగొచ్చినవాడి సంగతి అంత స్పష్టంగా లేదు. కేరళలో ప్రవాసుల కోసం 1996లోనే నోర్కా అనే ప్రత్యేక శాఖ ఏర్పడింది, తిరిగొచ్చినవారు చిన్న వ్యాపారం పెట్టుకుంటే రాయితీతో రుణం ఇచ్చే పథకం నడుస్తోంది. మన దగ్గర వచ్చినవాడు ఆటో కొనుక్కుంటాడు, లేదా మళ్లీ వీసా కొనుక్కుంటాడు.

నిజానికి తిరిగి రావడం గురించి ఈ నేలకు పాస్‌పోర్టుల కంటే పాత అనుభవం ఉంది. ఆడపిల్ల తల్లిగారింటికి రావడం. బతుకమ్మ పండుగకు ఎన్ని అర్థాలు చెప్పినా పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఆ తొమ్మిది రోజులు పెళ్లయి వెళ్లిన కూతుళ్లు పుట్టిన ఊళ్లో కనిపించే రోజులు. తంగేడు, గునుగు కోసుకురావడం అన్నదమ్ముల వంతు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు కిక్కిరిసే జనంలో ఎంతమంది ఆ ఊళ్లో పుట్టి ఇప్పుడు ఆ ఊళ్లో లేనివారో! పొద్దెక్కే దాకా నిద్రపోవడం, వంటింటి వైపు తొంగిచూడకుండా పళ్లెం ముందు కూర్చోవడం, చిన్ననాటి స్నేహితురాలితో గుడి మెట్ల మీద చీకటి పడే దాకా మాట్లాడటం తల్లిగారింట్లో ఆమెకు దొరికే సుఖాలు.

కూతురు లేవకపోతే వంటింట్లో ఎవరున్నారన్నది ఎవరూ అడగరు. వదిన ఉంటుంది, ముసలి తల్లి ఉంటుంది. సకినాల సంగతే చూడండి. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తడి పిండిని వేళ్ల మధ్య నుంచి సన్నగా జార్చుతూ గుడ్డ మీద చుట్టు వెనుక చుట్టు తిప్పాలి. ఆరాక నూనెలో కాల్చాలి. ఒంటరిగా అయ్యే పని కాదు. వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి కూర్చునేవారు, రేపు వాళ్లింటికి వీళ్లు వెళ్లేవారు. నడుములు పట్టేసేవి, ముచ్చట్లూ సాగేవి. ఇప్పుడు ఆ పని చాలావరకు పిండివంటల దుకాణాల్లో కూలి పనిగా మారింది. నాకు దీనిపై బెంగ లేదు. చేసిన పనికి డబ్బు వస్తోంది, రానప్పటి కంటే అది మెరుగు. ఆ కూలి ఎంత అన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

ఈ లెక్కలో కొంత సవరణ తెచ్చింది 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సు ప్రయాణం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతటా ఆడవాళ్లకు టికెట్టు లేదు. బస్సులు నిండిపోతున్నాయని, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని విసుక్కునేవారిని వింటూనే ఉన్నాం. పనీపాటా లేకుండా తిరగడం ఇంతకాలం మగవాళ్లకే దక్కిన సుఖం. నర్సంపేట నుంచి పరకాలలోని అక్క ఇంటికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడానికి ఎవరినీ చార్జీలు అడగనక్కర్లేదంటే, సొంత ఊళ్లో ఉండే సుఖం అంటే ఏమిటో ఆమెకు ఇప్పుడిప్పుడే తెలుస్తోందన్నమాట. ఏ పథకం గురించి అయినా నాకు ఫిర్యాదులు ఉన్నాయి కానీ ఈ ఒక్కదాని విషయంలో తక్కువ.

చెరువుల మాట ఎత్తకుండా ఓరుగల్లు గురించి రాయడం కుదరదు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం, గణపురం చెరువులు ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు శిల్పాల గురించి అందరూ రాశారు. పక్కనే ఉన్న చెరువు మత్తడి దూకుతుంటే చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలి వెళ్లడం గుర్తింపు పత్రాల్లో దొరకదు. 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసి బాగుచేయాలని 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం నడిచేవారిని చూస్తే టికెట్టు లేని చోట జనం ఎంత హాయిగా ఉంటారో తెలుస్తుంది.

అయితే ఈ సుఖం నీరు పోయే దారి మూసుకుపోనంత వరకే. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అంతకు మూడేళ్ల ముందూ, 2023లోనూ వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లలో ఉన్నాయి. నాలాల మీద ఇళ్లు, చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో వెంచర్లు ఎలా వచ్చాయో నగరంలో అందరికీ తెలుసు. ఆ ప్లాట్లు కొన్నవారిలో స్థానికులూ ఉన్నారు, సెలవుల్లో వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్లినవారూ ఉన్నారు. చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువు గుర్తుకొచ్చి మనసు చివుక్కుమనే మనిషే దాని అంచున ప్లాటు కొనగలడు. రెండూ నిజాయితీగానే చేస్తాడు.

శాశ్వతంగా వచ్చేయాలన్న ఆలోచన ఈ మధ్య పెరిగింది. 2025 సెప్టెంబరులో అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి వరుసలోనే ఉన్నారు. కానీ వచ్చేవారు వరంగల్‌కు రారు. వరంగల్ పక్కనున్న మడికొండలో 2020లో రెండు పెద్ద ఐటీ సంస్థలు కార్యాలయాలు తెరిచినా కొలువులు హైదరాబాద్ పడమటి అంచునే ఉన్నాయి. అక్కడ గోడ కట్టిన విల్లాల్లో చెప్పకుండా ఎవరూ తలుపు తట్టరు. గేటు దగ్గర పేరు, ఫోను నంబరు రాయాలి, లోపలి నుంచి అనుమతి రావాలి. దేని కోసం ఇంత దూరం వచ్చారో దానికే గేటు పెట్టుకున్నారు. హనుమకొండలోని తండ్రికి కొడుకు వచ్చాడన్న తృప్తి ఉంటుంది, కానీ కలవాలంటే 140 కిలోమీటర్లకు పైగా ప్రయాణం అలాగే ఉంటుంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి చేతిలో, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటుంది. జీవితాంతం వచ్చిపోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి కొనలేరు, ఓటు వేయలేరు. గల్ఫ్ కార్మికుడు భారత పౌరుడే కనుక అతనికి ఓటు హక్కు ఉంది, కానీ పోలింగు రోజు ఊళ్లో నిలబడితేనే. చుట్టీ ఎన్నికల తేదీని చూసి రాదు. ఊరిని ఎక్కువగా తలచుకునే ఈ రెండు వర్గాలకూ ఊరు ఎలా ఉండాలో తేల్చే చోట గొంతు లేదు.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం కదలడానికి కూడా ఏళ్లు పట్టింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందపు షరతు అడ్డు ఉండేది, అది సడలడంతో 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. భూసేకరణ మీద వార్తలు రోజూ వస్తున్నాయి, నాలాల మీద, ఫుట్‌పాత్‌ల మీద మునిసిపల్ సమావేశాల వార్తలు లోపలి పేజీల్లో ఉంటున్నాయి. మామునూరులో విమానం దిగినవారు అరగంటలో నగరం మధ్యకు చేరతారు. చెప్పు కుట్టే మనిషికి కూర్చోవడానికి, వారికి నడవడానికి రోడ్డు పక్కన ఎంత చోటు మిగిలిందో అప్పుడు చూస్తారు. ఫిర్యాదు చేద్దామంటే వారిలో చాలామందికి ఇక్కడ ఓటు ఉండదు.