లింకు పెట్టినంత మాత్రాన ఆధారం చూపినట్టు కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "కింద లింకు ఉంది, ఇంక అనుమానం ఎందుకు? లింకు ఎక్కడికీ పోదు, ఎవరైనా చూసుకోవచ్చు." ఇందులో మూడు వాదనలున్నాయి. ఒక్కటీ నిలవదు.

లింకు ఉంటే మాట నిజమేనట. గజపతి జిల్లా 1936లో ఏర్పడిందని ఈమధ్య ఒక సందేశం వచ్చింది. దాని కింద ఉన్న లింకు తెరిచి చివరిదాకా చదివాను. 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది ఒడిశా ప్రావిన్స్. గజపతి జిల్లాను గంజాం నుంచి విడదీసింది 1992 అక్టోబర్ 2న. సందేశం చెప్పినదాన్ని దాని లింకే కాదంటోంది! పంపినవాళ్లు ఆ పేజీ చదవనే లేదన్నమాట. నాకు చాలా బాధేసింది. ఇక్కడ మన పిల్లల్లో చాలామంది ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. ఊరి చరిత్ర తెలుగులో వాళ్ల చేతికొచ్చేది ఎక్కువగా ఇలాంటి సందేశాల్లోనే.

లింకు ఎక్కడికీ పోదన్నది రెండో మాట. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. సైటు పేరుకు ఏటా కట్టాల్సిన డబ్బు కట్టకపోయినా, సైటును కొత్తగా తయారుచేసి పాత చిరునామాలు వదిలేసినా పేజీ పోతుంది. పొట్టి లింకులతో ఇంకో ప్రమాదం: అసలు పేజీ బాగానే ఉన్నా, లింకును కుదించిన కంపెనీ ఆ సేవ ఆపేస్తే దారి మూసుకుపోతుంది. అందుకే పూర్తి చిరునామా ఇవ్వాలి. వ్యాసం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన తేదీ, మనం చూసిన రోజు కూడా రాయాలి. అప్పుడు లింకు చచ్చిపోయినా వెతుక్కోవచ్చు. వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు ఒకటుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్. అందులో పేజీని సేవ్ చేస్తే ఆ రోజటి నకలుకు వేరే లింకు వస్తుంది. ఖర్చేమీ లేదు, ఫోన్‌లోనే అయిపోతుంది.

ఇక, ఎవరైనా చూసుకోవచ్చన్న మాట. ఈరోజు నేను చూసిందే రేపు మీకు కనిపించాలని లేదు. వికీపీడియా పేజీ రోజూ మారవచ్చు. అక్కడ 'శాశ్వత లింకు' అని ఉంటుంది, మనం చదివిన కూర్పు అలాగే తెరుచుకుంటుంది. ఇవ్వాల్సింది అది.

జిల్లా తేదీ తప్పని ఆ సందేశం పంపినవారికి చెప్పాను. అదే గ్రూపులో సవరణ పెట్టమని అడిగాను. ఇంకా పెట్టలేదు.