అమ్మవారి పీట మీద అంతరిక్షం

మాది పర్లాకిమిడి. 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మా ముత్తాత మర్నాడు ఒడిశాలో నిద్ర లేచారు. మంచం మాత్రం అంగుళం జరగలేదు. అందుకే 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ అనే అంతరిక్ష సినిమాల హక్కుదారులు అంతవరకూ వచ్చిన నవలల్ని ఆ కథ అసలు చరిత్రలోంచి తీసేసి, వాటికి ‘లెజెండ్స్’ అని పేరు పెట్టినప్పుడు నేను పెద్దగా కంగారుపడలేదు. పుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి. సరిహద్దు జరిగింది, అంతే.

“సినిమాలు ఉండగా ఆ నవలలెందుకండీ?” అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. మొదటి సినిమా 1977 మేలో వస్తే దాని నవల 1976 చివర్లోనే అంగళ్లలోకి వచ్చేసిందని చెప్పాను. దర్శకుడు జార్జ్ లూకాస్ పేరుతో అది రాసిపెట్టినది అలన్ డీన్ ఫాస్టర్ అని కూడా చెప్పాను. “అయితే పెళ్లికి ముందే భోజనాలు పెట్టేశారన్నమాట” అంది. 1983 తరువాత అసలు వరుసలో మరో సినిమా రావడానికి పదహారేళ్లు పట్టిందనీ, ఆ కరువులో 1991లో తిమోతీ జాన్ నవలే మావంటి వాళ్లకు గంజి పోసిందనీ చెప్పబోతే కుక్కర్ కూత వేసింది.

సరే, ఈ ఏడాది రావలసిన నవల సంగతి. రెండుసార్లు వాయిదా పడింది. ప్రచురణకర్తలు ముందుగా వదిలిన మొదటి అధ్యాయం నాకు శుక్లాంబరధరం కంటే బాగా వచ్చేసింది. అట్ట మీద బొమ్మలో ఒక మూల ఎవరిదో చెయ్యి మాత్రం కనిపిస్తుంది. అది ఎవరి చెయ్యో తేలక నేను పదిహేను రోజులు సరిగా నిద్రపోలేదు. “ఎవరిదైతే ఏమిటి? ముందు మీ చేతితో ఆ సిలిండర్ ఇటు జరపండి” అంది మా ఆవిడ.

క్రితంసారి మా ఇంటికి పంపిన పార్సెల్ పది రోజులు ఊళ్లోనే తిరిగి నీరసించి వెనక్కి పోయింది. అందుకని ఈసారి పాతపట్నంలో మా అక్క చిరునామా ఇచ్చాను. రాష్ట్రం వేరైనా స్కూటరు మీద వెళ్లి వచ్చేంత దూరమే. ఏడుతో మొదలయ్యే పిన్‌కోడ్ బదులు అయిదుతో మొదలయ్యేది రాస్తే చాలు. ఇంత తెలివి నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

పార్సెల్ అందిందని ఫోనుకు సందేశం వచ్చిన వెంటనే బయలుదేరాను. ఆ రోజు మూలా నక్షత్రం అన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

అక్క ఇంట్లో పీట మీద ఎర్రగుడ్డ, దాని మీద సరస్వతీదేవి పటం. ముందు బావగారి కిరాణా కొట్టు ఖాతా పుస్తకాలు, మేనకోడలి లెక్కల పుస్తకం, అన్నిటికంటే పైన నా నవల. అట్ట మీది నల్ల శిరస్త్రాణం ప్రతినాయకుడికి నుదుట కుంకుమ బొట్టు, దాని కింద ఇంకా ఆరని పసుపు, ఒక కంటి మీద బంతిపూల రేకు. గెలాక్సీని గడగడలాడించే మనిషి, పేరంటానికి వచ్చినట్టు బుద్ధిగా కూర్చున్నాడు.

చెయ్యి చాపాను. అక్క ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

“విజయదశమి దాకా ముట్టుకోకూడదు. చదువు రాదు.”

“నాకు నలభై రెండేళ్లు అక్కా. ఇంక రావలసిన చదువేముంది?”

“నేను అనేదీ అదే.”

మా వైపు పిల్లలు అదృష్టవంతులు. ఒడియావాళ్లతో కలిసి వసంత పంచమికీ, మనవాళ్లతో కలిసి దసరాకీ పుస్తకం మూసేస్తారు. చిన్నప్పుడు ఆ రెండు సెలవులకూ నేను పెట్టిన దండాల ఫలితం ఇప్పుడు వడ్డీతో సహా ముట్టింది.

ఇంతలో బావగారు కొట్టునుంచి వచ్చారు. “సరుకు సరిగా ఉందో లేదో అని పార్సెల్ నేనే విప్పి చూశానయ్యా. ఏ బిల్లయినా ముందు చివరి అంకె చూడటం నా అలవాటు కదా. ఆఖరి పేజీ చూశాను. పాపం, ఆ గురువుగారు పోతాడు.”

ఆ మూడు రోజులూ నేను మైల పట్టినవాడిలా తిరిగాను. పులిహోర రుచి తెలియలేదు. దశమి నాడు ఉద్వాసన చెప్పగానే పుస్తకం తెచ్చుకుని రాత్రంతా చదివాను. గురువుగారు కనిపించినప్పుడల్లా గుండె గుభేలుమనేది. వంతెన కూలింది, ఆయన బతికాడు. ఓడ పేలింది, బతికాడు. ఆ చెయ్యి కూడా ఆయనదేనని తేలింది. తెల్లవారుజామున కథ అయిపోయింది. ఆయన నిక్షేపంగా ఉన్నాడు!

బావగారిని నోరారా తిట్టుకుంటూ పేజీ తిప్పాను. ఇంకా పది పేజీలు మిగిలి ఉన్నాయి. రాబోయే నవలలోంచి రుచికి ఒక అధ్యాయమట. గురువుగారు పోయింది అందులో.

పొద్దున్నే అక్కకు ఫోను చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, “ఆ రెండోది ఎప్పుడొస్తుందిరా?” అంది.

“వచ్చే ఏడాది అక్టోబరులో.”

“దసరాకేగా? పీట మీద చోటు ఉంచుతానులే.”