ఇంకొక్కసారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంకొక్కసారి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు క్షేమంగా ఉన్నారంటే మాలో ఎవరో ఒకరు క్షేమంగా లేనట్టే లెక్క. అంచేత ఆ ముక్క వదిలేసి సంగతికొస్తాను.

మీ మీద ఫిర్యాదు ఒకటే. దుర్వినియోగం, వ్యసనం, ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచన, దాన్ని ఆపడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) అనే మూడు ఇళ్లలో మూడు రకాల పనులు చేస్తూ, అన్నిచోట్లా ఒకే పేరుతో చెలామణీ అవుతున్నారు. దాంతో జనానికి ఏ ఇల్లు ఏదో పోల్చుకోవడం చేతకావడం లేదు. రోజూ ఓ సీరియల్ చూసే మనిషి తనకి అడిక్షన్ అంటాడు. పుస్తకాలు వరసగా సర్దుకునే ఆవిడ తనకి ఓసీడీ అని ముచ్చటగా చెప్పుకుంటుంది. తెల్లారేసరికి చేతులు వణికి, గుక్కెడు పడితే గానీ వణుకు తగ్గనివాడు మాత్రం "అబ్బే, ఏదో సరదా, తలుచుకుంటే రేపే మానేస్తా" అంటాడు. జబ్బు లేనివాళ్లంతా పేరు పంచేసుకున్నాక, ఉన్నవాడికి ఏమీ మిగల్లేదు పాపం.

మొదటి ఇంట్లో మీరింకా చుట్టమే. పిలిస్తే వస్తారు, పొమ్మంటే పోతారు. ఒకాయన ఎప్పుడో ఒకనాడు పీకల దాకా తాగుతాడు. ఇంకొకరు ఎవరికో డాక్టరు రాసిన నిద్రమాత్ర తాను మింగుతారు. మర్నాడు మీ ఊసే ఉండదు. ఇలా వాడినవాళ్లలో చాలామంది వ్యసనం దాకా పోరు కూడా. దీన్నే దుర్వినియోగం అంటారు. "నాకేం వ్యసనం లేదుగా" అని ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు, నిజమే చెబుతాడు. ఆ రాత్రి ఆయన నడిపిన బండి కింద పడ్డవాడికి మాత్రం ఈ తేడా వివరించడం కాస్త కష్టం.

ఈ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకప్పుడు గోడ ఉండేది. అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి మానసిక జబ్బుల మాన్యువల్‌లో దుర్వినియోగం ఒక జబ్బు, ఆధారపడటం మరొక జబ్బు. 2013లో వచ్చిన అయిదో కూర్పు ఆ గోడ తీసేసింది. 11 లక్షణాలు రాసిపెట్టి, ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదయితే మధ్యస్థం, ఆరు, ఆపైన అయితే తీవ్రం అంది. పాత జాబితాలో ఉన్న పోలీసు కేసుల గొడవ తీసేసి, కొత్తగా తహతహని చేర్చింది. అంటే సాక్షాత్తూ తమరినే. వైద్యగ్రంథానికి ఎక్కినందుకు అభినందనలు.

రెండో ఇంట్లో యజమాని మీరే. ఇంటాయన అద్దెకుంటున్నాడు. ఇక్కడ మీ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు, మెదడులో ఈ రెండింటి దారులూ వేరువేరని టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్తలు 1993లో రాశారు. వ్యసనం ముదిరేకొద్దీ కావాలనిపించడం పెరుగుతుంది. బాగుందనిపించడం పెరగదు, తరచు తగ్గుతుంది కూడా. ఆయన తాగుతూనే "ఛీ" అంటాడు, "ఛీ" అంటూనే పోసుకుంటాడు. చూసేవాళ్లు "అంత ఇష్టమైతే ఎలా మానతాడులే" అని తీర్పిస్తారు. ఇష్టం ఆ ఇల్లు ఖాళీ చేసి ఎన్నాళ్లయిందో వాళ్లకేం తెలుసు?

మీకు సీసా కూడా అక్కర్లేదని జూదంలో నిరూపించారు. ఆ 2013 మాన్యువలే జూదాన్ని తెచ్చి మత్తుపదార్థాల అధ్యాయంలో కూర్చోబెట్టింది. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపు ఒక్కటి ఉంటే మీకు చాలు.

అయితే మీ ఖాతాలో పడకూడని వాళ్లనీ వేసేస్తున్నారు. నొప్పికి నెలల తరబడి మార్ఫిన్ వాడిన రోగికి హఠాత్తుగా మందు ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. శరీరం అలవాటు పడింది, అంతే. దాన్ని వ్యసనం అనరు. ఆయన మందు కోసం అబద్ధాలాడలేదు, ఉద్యోగం పోగొట్టుకోలేదు, మిమ్మల్ని పిలవనూ లేదు. అయినా బంధువులు "అలవాటైపోతుందేమో" అని భయపడి, చివరి రోజుల్లో కూడా మనిషిని నొప్పితో ఉంచుతారు. ఇది మీ తప్పో మా తప్పో తేల్చుకోలేకపోతున్నాను.

ఇక మూడో ఇల్లు. మొదటి రెండిళ్లలోకి సుఖం చూపించి దూరారు, ఇక్కడికి భయం చూపించి దూరారు. తలుపు తాళం పడిందా? చేతికి మురికి ఇంకా ఉందా? నా వల్ల ఎవరికైనా హాని జరుగుతుందా? అడగని ఆలోచన, ఆపినా ఆగదు. అర్థం లేనిదని చాలామందికి తెలుసు కూడా. కడిగితే కాసేపు ఊరట. ఆ ఊరటే, మళ్లీ కడగమని నేర్పుతుంది. ఇంట్లోవాళ్లు దీనికి చాదస్తం అని పేరు పెట్టి నవ్వేస్తారు. తోలు ఊడిపోయే దాకా చేతులు కడిగే మనిషికి అందులో ఒక్క క్షణం సరదా ఉండదని వాళ్లకి తట్టదు.

కానీ మీరు దాచిన గుట్టు ఒకటుంది. రెండో ఇంటికీ మూడో ఇంటికీ పెరటి వైపు దారి ఉంది. పాత తాగుబోతు మజా కోసం తాగడం ఎప్పుడో మానేశాడు, వణుకూ దిగులూ ఆగడానికి తాగుతున్నాడు. కడిగేవాడు కడిగేదీ దిగులు ఆగడానికే. అక్కడ ఇద్దరూ ఎదురుపడతారు. అంతమాత్రాన ఇద్దరికీ ఒకే చికిత్స కుదరదు. ఓసీడీ ఉన్నవాళ్లని వైద్యులు భయపెట్టే వస్తువు దగ్గరికే మెల్లగా తీసుకెళ్లి, కడక్కుండా ఓపిక పట్టమంటారు, భయం దానంతటదే దిగుతుంది. రోజూ బాగా తాగేవాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. వైద్యుడి పర్యవేక్షణలోనే ఆపాలి. "మనసు గట్టి చేసుకో" అనే ఉచిత సలహాని మూడిళ్లకీ సమానంగా పంచేవాళ్లు మీకు జీతం లేని ఉద్యోగులు. వాళ్లకి బోనస్ అయినా ఇవ్వండి.

ఇట్లు,
మీ రాక ఎరిగిన ఒకరు

తా.క.: మీ కవల సోదరులు ఇంకెప్పుడూ చెయ్యను గారిని కూడా అడిగానని చెప్పండి. భార్య మీద చెయ్యి చేసుకున్నవాడు మర్నాడు ఆయన్నే వెంటబెట్టుకుని వస్తాడు, మీ పేరు సాక్షిగా రాయించుకుని. తాగిన మైకంలో ఒళ్లు తెలియలేదంటాడు. కాదంటే, పిచ్చి ప్రేమ అంటాడు. వ్యసనమూ పిచ్చీ రెండూ ఆయనకి వకీళ్లే. ఆ ఒళ్లు తెలియని చెయ్యి ఇన్నేళ్లలో ఒక్కసారైనా పై అధికారి మీద లేచిందేమో, మీ తమ్ముణ్ణి కనుక్కుని రాయండి.