ఆరింటికి దిగి అయిదింటికి ఎక్కే విశాఖ

మన దేశంలో పంచవర్ష ప్రణాళికలు 2017తో ముగిశాయి. ప్రణాళికా రచన మాత్రం ముగియలేదు, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోకి బదిలీ అయింది. పొద్దున ఆరింటికి విశాఖపట్నంలో దిగి, సాయంత్రం అయిదింటికి ఒడిశా వైపు బండి ఎక్కాల్సిన ఏడుగురు సభ్యుల కుటుంబం వేసే పథకం ముందు పాత ప్రణాళికా సంఘం ఎందుకూ కొరగాదు. సభ్యులు: తాతగారు, మామ్మగారు, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, చివరి నిమిషంలో "నేనూ వస్తానర్రా" అన్న పెద్దత్త. చేతిలో ఉన్నది పదకొండు గంటలు. చూడాల్సినవి: అరకు, బొర్రా గుహలు, సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, రుషికొండ, భీమిలి. చివర్లో బ్రాకెట్లో "టైముంటే యారాడ" అని ఉంటుంది. ఆ బ్రాకెట్టు పెట్టిన మనిషికి ఎవరైనా సన్మానం చేయాలి.

ఇలాంటి పథకాన్ని తోసిపుచ్చడం మన ఉద్దేశం కాదు. అమలులో వచ్చే చిన్న చిన్న ఇబ్బందులను వినయంగా ప్రస్తావిస్తాం, అంతే.

మొదటిది, దిగడం. విశాఖ స్టేషను రైల్వే పటంలో ఒక సందు చివర ఇల్లు లాంటిది. హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండి లోపలికి వస్తే, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి పోయి దారి మళ్లాలి. అందుకోసం ఇంజనును ఈ చివర ఊడదీసి ఆ చివర తగిలించాలి. (పెట్టెలో కూర్చున్న తాతగారు ఇది చూసి "ఒరే, వెనక్కి పోతోందిరా, మనూరికే!" అని కంగారుపడటం సహజం. కంగారుపడనివ్వండి, పెద్దవాళ్లకు కాలక్షేపం ఉండాలి.) ఈ తిరకాసు ఎందుకని కొన్ని బళ్లను ఊళ్లోకి రానివ్వకుండా దువ్వాడ మీదుగా పంపించేస్తారు. దువ్వాడ నుంచి పెద్ద స్టేషనుకు రోడ్డు మీద సుమారు ఇరవై కిలోమీటర్లు. టికెట్టు మీద విశాఖపట్నమైతే వీఎస్‌కేపీ అని, దువ్వాడైతే డీవీడీ అని ఉంటుంది. బుక్ చేసిన అబ్బాయి ఆ మూడక్షరాలు చూసి ఏమనుకుంటాడో తెలీదు గానీ, దువ్వాడ అని మాత్రం అనుకోడు.

సరే, ఏ పొరపాటూ లేకుండా పెద్ద స్టేషన్లోనే దిగారు. ఇక్కడి నుంచి అసలు కార్యక్రమం, అంటే స్నానాలు. ఈ విషయం మీద విశాఖ పర్యాటక సాహిత్యం ఎందుకు మౌనంగా ఉందో అర్థం కాదు. ఏడుగురికి ఒక గది, ఒక బాత్‌రూము. తలకి ఇరవై నిమిషాలు, మొత్తం నూట నలభై. అంటే ఆరున్నరకు మొదలుపెడితే చివరి మనిషి తల తుడుచుకునేసరికి తొమ్మిదవుతుంది. ఆ చివరి మనిషి ఎప్పుడూ కోడలే. ఇందులో గీజరు లెక్క కలపలేదు. లాడ్జీల్లో మామూలుగా పదిహేను లీటర్ల గీజరు ఉంటుంది. అది మరిగించి ఇచ్చిన నీళ్లకు చన్నీళ్లు కలుపుకుంటే ఒక బకెట్టున్నర. తర్వాత మళ్లీ వేడెక్కాలంటే రెండు కిలోవాట్ల కాయిల్‌కు పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. విశాఖ ఉక్కలో వేణ్నీళ్లు ఎవరికి కావాలంటారా? తాతగారికి కావాలి. మే నెలలోనూ కావాలి. కాబట్టి వేణ్నీళ్లవాళ్లను వరసగా పంపకూడదు. తాతగారు, పిల్లాడు, మామ్మగారు, పిల్లాడి నాన్న, పెద్దత్త, ఇలా ఒక వేడి ఒక చల్లన వేసుకుంటూ పోవాలి. రెండో గది తీసుకుంటే గంట మిగులుతుంది. రోజు మొత్తంలో డబ్బుతో కొనగలిగే కాలం ఇదొక్కటే. అయినా దీన్ని దుబారా అంటారు, కైలాసగిరి మీద బొమ్మ రైలు టికెట్టును మాత్రం ఎవరూ అనరు.

గది ఎక్కడ తీసుకోవాలన్నది ఇంకో మెలిక. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు కొడితే గానీ గది ఇవ్వరు. పొద్దున్నే అడిగితే నిన్నటి అద్దె కూడా వేస్తారు. ఫోన్లో ముందే "ఇరవైనాలుగు గంటల చెకౌటేనా?" అని అడిగి తీసుకోవాలి. స్టేషన్ రిటైరింగ్ రూములు పీఎన్నార్ నంబరు మీద పన్నెండు గంటల అద్దెకు కూడా ఇస్తారు. మన పదకొండు గంటల కుటుంబానికి కొలిచి కుట్టినట్టు సరిపోయేది అదే. అందుకే అవి ఖాళీ ఉండవు.

ఒళ్లు తుడుచుకున్న తువ్వాళ్ల సంగతి. సముద్రపు గాలికి ఇక్కడ తడిబట్ట ఒక పూటలో ఆరదు. ఆరిందనుకుని మడిచి పెట్టెలో పెడితే రాత్రికి బెర్తు మీద ఆ వాసనే పలకరిస్తుంది. ఏడుగురికి మూడు పల్చటి తువ్వాళ్లు, ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు చాలు.

గది వద్దనుకునే సాహసులకు క్లోక్‌రూము ఉంది. తాళం ఉన్న సామాను మాత్రమే తీసుకుంటారు, ప్రయాణం టికెట్టు చూపించాలి. సూట్‌కేసులు నాలుగూ లోపలికి వెళ్లిపోతాయి. మిగిలేది మామ్మగారి చేతిసంచి. ఆవకాయ సీసా, మందులు, రాత్రికి పులిహోర, ఇంకా ఎవరికీ చెప్పని ఏవో మూటలు అందులోనే ఉంటాయి. దానికి జిప్పే లేదు, తాళమెక్కడ వేస్తారు? ఆ సంచి రోజంతా ఊరు చూస్తుంది. మనుషుల కంటే ఎక్కువే చూస్తుంది, ఎందుకంటే దాన్ని మోసేవాడి కళ్లు దాని మీదే ఉంటాయి.

ఇప్పుడు అరకు. దీని గురించి మాట్లాడేటప్పుడు కాస్త మర్యాద పాటించాలి, కుటుంబాల్లో విడిపోయిన అన్నదమ్ములున్నారు. కిరండూల్ పాసింజరు పొద్దున ఏడు లోపే విశాఖలో బయల్దేరుతుంది. అప్పటికి తాతగారు గీజరు ఎర్రబల్బు వంక చూస్తుంటారు. ఎక్కగలిగినా అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు, తిరుగు బండి విశాఖ చేరేది రాత్రి ఎనిమిది దాటాక. అయిదింటి బండి అప్పటికి ఒడిశాలో ఉంటుంది. రోడ్డు మీద అయితే పోను నూట పదిహేను కిలోమీటర్లు, రాను అంతే. ఒక్కో వైపు మూడు గంటలు మంచి మాట. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, పిల్లలు కిటికీ వైపు జరగడమూ మొదలవుతుంది. వాంతుల మాత్ర ఎస్.కోటలో టీ తాగుతూ వేసుకుంటే లాభం లేదు, అది పనిచేయడం మొదలయ్యేలోపు మలుపులు పని కానిచ్చేస్తాయి. ఊళ్లో బయల్దేరేటప్పుడే వేసుకోవాలి. ఇంత చేసి అరకులో దిగితే బొంగులో చికెన్ కాలే వ్యవధి కూడా ఉండదు. కాబట్టి నిపుణుల సలహా అరకును కొట్టేయమని. కుటుంబం ఒప్పుకోదు. మధ్యేమార్గంగా దాన్ని "వీలుంటే" అన్న శీర్షిక కింద, యారాడ పక్కన చేర్చాలి. కొట్టేసిన చోటికి కోపమొస్తుంది గానీ వాయిదా వేసిన చోటికి రాదు.

సింహాచలం మాత్రం వదలడానికి లేదు, పెద్దత్త వచ్చిందే దానికి. స్టేషను నుంచి పదహారు కిలోమీటర్ల చిల్లర, కొండ కింద నుంచి పైకి దేవస్థానం బస్సులున్నాయి. రెండు గదులు తీసుకుని పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరితే పదకొండున్నరకల్లా కొండ దిగొచ్చు, మామూలు రోజైతే. మామూలు కాని రోజులు రెండు ముందే చూసుకోవాలి. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యేది కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ఈ రెండు రోజుల్లో రెండు బళ్ల మధ్య దర్శనం పెట్టుకున్న కుటుంబానికి దైవం మీద ఉన్న నమ్మకం మనకెవరికీ లేదు. తక్కిన రోజుల్లో ఆలస్యమయ్యేది క్యూలో కాదు. చెప్పుల దగ్గర ఒక టోకెను, ఫోన్ల దగ్గర ఒక టోకెను, ఏది ఎవరి జేబులో ఉందో తేలడానికి పావుగంట. ఫోన్లు లోపల పెట్టేశాక తప్పిపోయిన మనిషిని పిలిచే మార్గం లేదు, కప్పస్తంభం దగ్గర కలుద్దామని ముందే అనుకోవాలి. నిక్కర్లో వచ్చిన పిల్లాడి నాన్న కోసం పంచె కొనడానికి ఇంకో పది నిమిషాలు.

సబ్‌మెరైన్ విషయంలో పిల్లలకు మాట ఇచ్చే ముందు వారం చూడండి. సోమవారం సెలవు. మిగతా పనిదినాల్లో మధ్యాహ్నం రెండింటికి గానీ తెరవరు, ఆదివారాలూ సెలవురోజుల్లో పొద్దున్నుంచే ఉంటుంది. కురుసుర అనే ఈ సబ్‌మెరైన్ 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, మరుసటేడు ఇసక మీద మ్యూజియమైంది. తొంభై ఒక్క మీటర్ల పొడవు, లోపల నడిచే దారి వెడల్పు మాత్రం మన వంటింటి నడవంత. గదికీ గదికీ మధ్య వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు సగం దాకా వచ్చాక "నేను కిందే ఉంటానర్రా" అంటే, వెనక నలభై మంది ఉంటారు, కింద అనేది ముందుకే ఉంటుంది. ఈ తీర్మానం మెట్ల దగ్గరే జరగాలి. ఆవిడ ఎదురుగా రోడ్డవతల మ్యూజియంగా నిలిపిన విమానం నీడలో కూర్చుంటారు, చేతిసంచి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. తన వల్ల అందరికీ ఒక మేలు జరిగిందన్న తృప్తి ఆవిడకు మిగులుతుంది.

బీచ్ అంటే ఇంకో అపోహ ఉంది. గ్రూపులో కోడలు "సన్‌సెట్ ఫోటో సముద్రంలో" అని రాస్తుంది. బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది, సూర్యుడు అందులోంచి లేస్తాడు గానీ అందులో మునగడు. ఆయన సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి వెళ్లిపోతాడు. అసలు సూర్యోదయం చూద్దామంటే మనం ఆరింటికి స్టేషన్లో కూలీతో బేరమాడుతున్నాం. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు, అల వెనక్కి లాగే జోరు ఎక్కువ. ఇక్కడ వేళాకోళం లేదు: పిల్లలకు పాదాలు తడిస్తే చాలు, మోకాళ్ల దాకా వద్దు, చెప్పు కొట్టుకుపోతే దాని వెంట పరిగెత్తొద్దు. మురీ మిక్చరు తినండి, నిమ్మకాయ ఎక్కువ పిండమనండి.

కైలాసగిరి, భీమిలి, రుషికొండ అరకు పక్కన చేరిపోయాయి. భోజనం పన్నెండున్నరకు, రెండింటికి సబ్‌మెరైన్, మూడింటికి ఇసక, మూడున్నరకు కాళ్లు కడుక్కోవడం, నాలుగింటికి క్లోక్‌రూము. క్లోక్‌రూము రసీదు అలలో తడిసిన ప్యాంటు జేబులో కాకుండా పొడిగా ఉన్నవాళ్ల దగ్గర, అంటే మామ్మగారి సంచిలో ఉండాలి. అక్షరాలు కనిపించని రసీదు చూపించి మన పెట్టె మనదని రుజువు చేసుకోవడానికి మిగిలిన గంట చాలదు.

ఈ పథకంలో గాజువాక బాబాయి లేడు. కావాలనే తీసేశారు. చెబితే భోజనానికి రమ్మంటాడు, భోజనమంటే మూడు గంటలు. అందుకే ఎవరూ చెప్పకూడదని, స్టేటస్ పెట్టకూడదని గ్రూపులో తీర్మానం చేశారు. సామాను చేతికొచ్చాక, ప్లాట్‌ఫారం నంబరు చూద్దామని అబ్బాయి సాయంత్రం టికెట్టు తీస్తాడు. అందులో డీవీడీ అని ఉంటుంది. దువ్వాడ పోవాలంటే ఎన్ఏడీ కూడలి మీదుగా గాజువాక జంక్షన్ దాటి పోవాలి, అక్కడ ట్రాఫిక్ ఎప్పుడూ ఆగే ఉంటుంది. అప్పటికి పెద్దత్త కొండ మీద పెట్టిన స్టేటస్‌ను బాబాయి చూసేశాడు. ఆగిన కారు అద్దం దించితే, ఎదురుగా క్యారేజీ పట్టుకుని ఆయనే.