మిషన్ ట్రిప్‌కి వెళ్లేవాళ్లకి ఒక మనవి

సెలవులొస్తే సిటీ చర్చి సంఘాల యూత్ టీములు సువార్త చెప్పడానికి బస్సు మాట్లాడుకుని భద్రాచలం, పాడేరు ఏజెన్సీలకి బయలుదేరతాయి. జనవరిలో అమెరికా నుంచి మనవాళ్లు, వాళ్లతో పాటు అక్కడి సంఘస్థులు కూడా వస్తారు. వెళ్లొద్దని నేననను. వెళ్లే తీరు చూసే బాధేస్తోంది.

టీమ్ వస్తోందంటే ఆ ఊరి పాస్టరమ్మగారు తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తారు. అతిథులకి కారం తగ్గించి ఒక కూర, ఊరివాళ్లకి ఇంకో కూర. వాటర్ బాటిళ్లు కిరాణా కొట్లో అప్పు. పాస్టర్ గారేమో ఇంటింటికీ తిరిగి, "ఈ ఒక్కరోజూ పనికి పోకండమ్మా, దూరం నుంచి వస్తున్నారు" అని బతిమాలుకుంటారు. జనవరి అంటే మిరప కోతలు. కూటానికి వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి పోయినట్టే. ట్రిప్ ఖర్చుల్లో ఈ డబ్బు ఎవరూ రాయరు.

"ఈ రోజు యేసును అంగీకరించినవాళ్లు చేతులెత్తండి" అంటే ముందు వరుసలో పెద్దావిడ కూడా చెయ్యెత్తుతుంది. టీములో సగంమంది పుట్టకముందే ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. అతిథి అడిగాక ఎత్తకపోతే బాగోదని ఎత్తింది. రాత్రి రిపోర్టులో ఆవిణ్ని కూడా కొత్తగా నమ్మిన ఆత్మగా రాసేస్తారు. దేవుని పేరు మీద పంపే లెక్కలో అబద్ధం ఉండొచ్చా?

బ్యానర్ ఫోటోలో పడలేదని, పిల్లలకి పంచిన నోటుపుస్తకాలు వెనక్కి తీసుకుని, లైన్లో నిలబెట్టి మళ్లీ ఇవ్వడం నా కళ్లతో చూశాను. వాళ్ల అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు. మన పిల్లలతో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

ఈ బాధ ఈనాటిది కాదు. దోర్నకల్‌లో సేవ చేస్తున్న అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండని అడిగారు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఇప్పటికీ భద్రాచలం రోడ్ రైలు దోర్నకల్ జంక్షన్ మీదుగానే పోతుంది. అందులో వెళ్లే మన టీముల్లో ఆయన మాట ఎంతమంది విన్నారు?

యేసు డెబ్బైమంది శిష్యుల్ని ఊళ్లకి పంపినప్పుడు సంచి, జాలె, చెప్పులు వద్దన్నాడు. పెట్టింది తిని ఆ ఇంట్లోనే ఉండమన్నాడు.

విదేశీ టీములకి ఇంకో మాట. టూరిస్ట్ వీసా మీద వచ్చి ప్రసంగాలు చేయడానికి మన చట్టం ఒప్పుకోదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. తేడా వస్తే మీరు ఫ్లైట్ ఎక్కేస్తారు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది పాస్టర్ గారు.

ముందే ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారో అడగండి. కోతలయ్యాక అంటే కోతలయ్యాకే వెళ్లండి. భోజనాల ఖర్చు ముందే పంపండి. ఆదివారం వాక్యం పాస్టర్ గారినే చెప్పనివ్వండి, మీరు చాప మీద కూర్చుని వినండి. పెద్దవాళ్లు కోయ భాషలో ప్రార్థన చేస్తే మధ్యలో మైకు అందుకోకండి. ఇంటికొచ్చాక కూడా ఫోన్ చేస్తూ ఉండండి, ముఖ్యంగా వానాకాలంలో. మందిరం రేకులు కారేదీ, జ్వరాలు మొదలయ్యేదీ అప్పుడే.