టోన్‌కు రెండు మార్కులు

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల కళాశాలల్లో ఇంగ్లీషు బోధన ఎంత పురోగమించిందో బయటి లోకం ఇంకా గుర్తించినట్టు లేదు. షేక్‌స్పియర్ పాత్ర ఏ టోన్‌లో మాట్లాడుతోందో తెలియడానికి ఇప్పుడు నాటకం చదవనక్కర్లేదు; స్టడీ మెటీరియల్‌లో ఆ పంక్తుల కిందే అచ్చువేసి ఉంటుంది. గొంతెత్తి చదివితే పక్క సెక్షన్‌లో జరిగే ఫిజిక్స్‌కు భంగం కనుక ఆ అలవాటును పూర్తిగా మాన్పించారు.

అటువంటి మెటీరియల్ ఒకదానిలో 'జూలియస్ సీజర్' మూడో అంకం చూశాను. సీజర్ శవాన్ని పక్కన పెట్టుకుని అతని మిత్రుడు ఆంటొనీ, చంపినవారిలో ఒకడైన బ్రూటస్ గౌరవనీయుడని పదే పదే అంటాడు. అన్నప్రతిసారీ ఆ గౌరవం కొంత కరిగిపోయి, ఆఖరుకు రోమ్ జనం హంతకుల ఇళ్లు తగలబెట్టడానికి బయల్దేరతారు. మెటీరియల్‌లో మాత్రం 'టోన్: అడ్మిరేషన్' అని ఉంది. తప్పుపట్టలేం, నిఘంటువు చూసినా ఆంటొనీ వాడిన 'ఆనరబుల్' అన్న మాటకు గౌరవనీయుడనే అర్థం వస్తుంది. జనం ఇళ్లెందుకు తగలబెట్టారన్నది సిలబస్‌లో లేదు.

పెళ్లి భోజనాల దగ్గర పెదనాన్న "అప్పుడే వచ్చేశారేం బాబుగారూ, ఇంకా మూడో బంతే కదా లేచింది" అంటే, అది స్వాగతం కాదని గుంటూరు కుర్రవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతటి చెవి ఉన్నవాణ్ణి రెండేళ్లలో ఆంటొనీ నిజంగానే బ్రూటస్‌ను మెచ్చుకుంటున్నాడని రాసే స్థితికి తేవడం సామాన్యమైన శ్రమ కాదు. ఫీజులు ఊరికే పెరగలేదు.

రంగాల నిడివి విషయంలో మాత్రం దోషం నాటకకర్తదే. ముగ్గురు మంత్రగత్తెలు వచ్చిపోయే 'మక్బెత్' మొదటి రంగం పట్టుమని 15 పంక్తులు లేదు. 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' నాలుగో అంకంలోనైతే, ఆక్టేవియస్ సీజర్ (ఇందాకటి శవం కాదు, అతని వారసుడు) వచ్చి తన సైన్యానికి ఆజ్ఞ ఇచ్చి వెళ్లిపోయే రంగం ఒకటి నాలుగే పంక్తులు. 1623 నాటి ప్రతిలో ఈ నాటకానికి రంగ విభజనే లేదనీ, వేదిక ఖాళీ అయినచోటల్లా తరువాతి సంపాదకులు గీత గీశారనీ, యుద్ధంలో ఎవరూ ఒకచోట నిలవరు కనుక రంగాలు పొట్టివయ్యాయనీ కొందరు వివరిస్తారు. వినసొంపుగానే ఉంది, కానీ దానికి వెయిటేజీ ఎంత? నాలుగు పంక్తుల మీద ఎస్సే ప్రశ్న ఎలా ఇస్తారు?

కాబట్టి ప్రతి రంగమూ ఒక పీరియడ్‌కు సరిపోయేలా బోర్డు వారు ఉత్తర్వులివ్వాలి. ఆ మంత్రగత్తెలను బెల్లు కొట్టేదాకా వేదిక మీదే నిలబెట్టాలి. అంతసేపు వాళ్లచేత ఏం మాట్లాడించాలో మెటీరియల్ విభాగం వారు చూసుకుంటారు. టోన్ కూడా వారే వేస్తారు.