చివరి ఫారో క్లియోపాత్రా కాదండీ బాబూ

"ఈజిప్టు చివరి ఫారో (అంటే రాజు) ఎవరు?" అని క్విజ్‌లో అడగడం ఆలస్యం, అందరూ ఠక్కున క్లియోపాత్రా అనేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆవిడది మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకు వంశం. ఈజిప్టు వంశంలో పుట్టి దేశమంతా ఏలిన చివరి ఫారో రెండో నెక్టనెబో. క్రీ.పూ. 360 ప్రాంతం నుంచి 342 దాకా ఏలాడు. (తర్వాత ఖబాబాష్ అని ఒకాయన తిరుగుబాటు చేసి కొన్నాళ్ళు ఫారోనన్నాడు, ఆయన లెక్క వేరు.)

గద్దెనెక్కిన తీరు మాత్రం ఏమంత బాగోదు, ఒప్పుకుంటా. అంతకుముందు ఫారో టియోస్ గుళ్ళ ఆదాయం లాక్కుని, గ్రీకు కిరాయి సైన్యాన్ని తెచ్చుకుని పర్షియా మీదికి బయల్దేరాడు. ఇంటి దగ్గర సోదరుడికి రాజ్యం అప్పజెప్పాడు. ఆ సోదరుడు తన కొడుకు నెక్టనెబోను రాజును చేసి కూర్చున్నాడు. కిరాయికొచ్చిన స్పార్టా రాజు అగెసిలాస్, 80 దాటిన ముసలాయన, ఆయనా ఇటే దూకాడు. పాపం టియోస్ చివరికి ఎవరి మీద యుద్ధానికి వెళ్ళాడో ఆ పర్షియా రాజు పంచనే చేరాడు!

నెక్టనెబో దేశమంతా గుళ్ళు కట్టించాడు, పర్షియా దాడినొకదాన్ని తిప్పికొట్టాడు కూడా. కానీ 343లో పర్షియా రాజు మూడో అర్తాజెర్క్సెస్ మళ్ళీ వచ్చినప్పుడు రెండు వైపులా గ్రీకు కిరాయి సైనికులే. సరిహద్దు కోట పెలూసియం పడిపోయింది. బుబాస్టిస్ నగరంలో అయితే ఈజిప్టువాళ్ళూ గ్రీకులూ ఒకరికి తెలియకుండా ఒకరు పర్షియన్లతో బేరాలకు దిగారట. నెక్టనెబో మెంఫిస్ నగరం వదిలి దక్షిణాన ఉన్న నూబియా వైపు వెళ్ళిపోయాడు. అందుకే పిరికివాడంటారు. నన్నడిగితే అది పిరికితనం కాదు. డబ్బుకొచ్చిన కత్తి ఎటు తిరుగుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తన సింహాసనం వచ్చిందే అలా.

నాకు అసలు బాధ ఆయన శవపేటిక గురించి. ఏడు టన్నుల రాయి, చుట్టూ చిత్రలిపి. మనిషే వెళ్ళిపోయాక అందులో పడుకునేదెవరు? తర్వాతెప్పుడో అలెగ్జాండ్రియాలో ఒక మసీదులో, అడుగున 12 కన్నాలు పొడిచి నీళ్ళ తొట్టిగా వాడుకున్నారు. 1801లో ఈజిప్టులో ఫ్రెంచి సైన్యం బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఓడిపోయాక, తర్వాత చిత్రలిపి గుట్టు విప్పిన రొసెట్టా రాయితో పాటు అదీ బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చింది. లండన్ చేరాక కూడా కొందరు అది అలెగ్జాండర్‌ది అని వాదించారు. నెక్టనెబో పేరు ఆ రాతి మీదే ఉంది. అప్పటికి ఆ చిత్రలిపి చదవడం వచ్చినవాళ్ళే లేరు.